కంట్లో పడ్డ వడ్ల పొట్టు

(దేవరుప్పులలో జరిగిన నేత్రదాతల సంస్మరణ సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



స్మారక సభ అంటే ఏమిటో ఈ మండలానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1946 జూలై 4న కడవెండిలో నేలకొరిగిన తెలంగాణ సాయుధ పోరాట అమరుడు దొడ్డి కొమరయ్యను ఏటేటా తలుచుకునే గడ్డ ఇది. ఇవాళ మనం తలుచుకుంటున్న వాళ్లకు మాత్రం స్తూపాలు లేవు. ఎవరి కన్ను ఎవరికి పెట్టారో చెప్పకూడదన్నది నేత్రనిధుల నియమం కాబట్టి వాళ్ల పేర్లు కూడా పెద్దగా బయటికి రావు. ఇంటి ముందు పాడె కడుతుండగా, ఏడుపుల మధ్యనే, ఎవరో ఒకరు కొంగుతో కళ్లు తుడుచుకొని నేత్రనిధికి ఫోన్ చేస్తారు. ఆ ఫోన్‌తో ఇద్దరికి చూపు వచ్చే దారి పడుతుంది. అలా ఫోన్ చేసిన ఇళ్లవాళ్లు ఈ పందిట్లో ముందు వరసలో కూర్చున్నారు. వాళ్లకు చేతులెత్తి మొక్కి మొదలుపెడుతున్నాను.

నేను కంటి వైద్యుణ్ని. దానం గొప్పతనం మీకు తెలుసు, తెలియకపోతే ఇక్కడికి వచ్చేవారు కాదు. అందుకని ఆ సంగతి వదిలి, దానమిచ్చిన కన్ను ఆ తర్వాత ఏమవుతుందో, అసలు అది ఎవరికి, ఎందుకు అవసరం పడుతుందో మాట్లాడతాను. గడిచిన మూడు నాలుగు దశాబ్దాల్లో ఈ ప్రశ్నల మీద మన తెలుగు నేల మీదే గట్టి పరిశోధన జరిగింది. దాని ఫలితాలన్నీ ఇంగ్లిషు వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. ఏ ఊళ్ల వాళ్ల కళ్లు చూసి ఆ లెక్కలు కట్టారో ఆ ఊళ్లకు మాత్రం అవి చేరలేదు. వాటిని మీకు అప్పజెప్పడమే దాతలకు నేను చేయగలిగిన నివాళి.

కంటి ముందు భాగంలో, నల్లగుడ్డు మీద, చేతి గడియారం ముఖానికి అద్దం ఉన్నట్టు ఒక తేటైన పొర ఉంటుంది. అదే కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు. అడ్డంగా కొలిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు. అందులో రక్తనాళాలు ఉండవు కాబట్టే వెలుగు అడ్డం లేకుండా లోపలికి పోతుంది. నరాల కొసలు మాత్రం విపరీతంగా దట్టం, అందుకే ఇసుక రేణువంత నలుసు పడ్డా ప్రాణం లాగేస్తుంది. ఈ పొరకు లోపలి వైపున ఒకే ఒక్క వరస కణాలు నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తూ దాన్ని తేటగా ఉంచుతాయి. ఆ కణాలు పోతే మళ్లీ పుట్టవు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దానితో పనిపడుతుంది.

ఈ పొర మీద గీత పడి, ఆ గీతలో క్రిమి చేరితే పుండవుతుంది. పుండు మానినా తెల్లటి మచ్చ మిగులుతుంది. మన దగ్గర కంట్లో పువ్వు పడ్డది అంటాం. శుక్లం అయితే లోపలి కటకం తీసి కొత్తది పెడితే చూపు తిరిగొస్తుంది, ఆ కటకాన్ని ఫ్యాక్టరీలో చేస్తారు. పువ్వు పడిన కంటికి మరో మనిషి కార్నియానే కావాలి. దాన్ని తయారుచేసే ఫ్యాక్టరీ ఇంతవరకు లేదు.

మరి ఇలా ఎంతమందికి అవుతోంది? దీనికి తెలుగు నేల మీద మొదటిసారి సరైన లెక్క తీసింది హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ. సినిమా దర్శక నిర్మాత ఎల్వీ ప్రసాద్ ఇచ్చిన స్థలంతో, విరాళంతో, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో ఆ సంస్థను నిలబెట్టారు. ఆయన చదువు, పని అంతా కార్నియా మీదే. అమెరికాలో మంచి స్థానంలో ఉండి వెనక్కి వచ్చారు. ఆ సంస్థ 1996 నుంచి 2000 దాకా ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం అని ఒక పెద్ద సర్వే చేసింది. లలిత్ దండోనా, రాఖీ దండోనా దాన్ని నడిపించారు. హైదరాబాద్ నగరం నుంచి, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల నుంచి 10,293 మందిని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి కళ్లు పరీక్షించారు. ఆసుపత్రికి వచ్చిన వాళ్లను లెక్కించడం సులువు. రాని వాళ్లను వెతుక్కుంటూ పోయి లెక్కించడంలోనే కష్టమంతా ఉంది. రానివాడి కన్నే పోతుంది కనుక, నిజం అక్కడే దొరుకుతుంది.

ఆ లెక్కలో ప్రతి పదివేల మందిలో 66 మందికి కనీసం ఒక కన్ను కార్నియా జబ్బు వల్ల పోయిందని తేలింది. ఎందువల్ల పోయిందో కూడా విడదీశారు. 36.7 శాతం కళ్లు చిన్నతనంలో వచ్చిన కార్నియా పుండ్ల వల్ల. 28.6 శాతం దెబ్బలు తగిలి. 17.7 శాతం పెద్దయ్యాక వచ్చిన పుండ్ల వల్ల. అన్నింటికన్నా ముఖ్యమైన మాట చివర రాశారు: వీటిలో దాదాపు 95 శాతం పోకుండా ఆపగలిగినవే. ఈ మాట చదివిన రోజు నుంచి నాకు కార్నియా జబ్బు గురించిన ఆలోచనే మారింది. ఆపరేషన్ గది గురించి ఆలోచించడం తగ్గించి పొలం గట్టు గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

చిన్నతనపు పుండ్ల సంగతి ముందు చెప్పి దాటేస్తాను, ఎందుకంటే అక్కడ మనం చాలావరకు గెలిచాం. తిండిలో విటమిన్ ఎ లేని పిల్లలకు తట్టు పోసినా, విరేచనాలు పట్టుకున్నా, కార్నియా రోజుల్లోనే కరిగిపోయేది. ఆరు నెలలకోసారి పెద్ద మోతాదులో విటమిన్ ఎ నోట్లో పోస్తే దీన్ని ఆపవచ్చని చూపించింది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. దాని మీద ఆధారపడే 1970లో దేశమంతటా కార్యక్రమం మొదలైంది. ఇవాళ అంగన్‌వాడీ టీచరమ్మ, ఏఎన్ఎం అక్క చెంచాతో పోసే ఆ పచ్చటి మందు వెనక ఇంత చరిత్ర ఉంది. తట్టు టీకా కూడా తోడై, ఈ తరం పిల్లల్లో ఆ రకం గుడ్డితనం బాగా తగ్గింది. ఈ ఊళ్లలో ఒక కంట్లో పువ్వున్న అరవై, డెబ్బై ఏళ్ల పెద్దలు కనిపిస్తారు చూడండి, వాళ్లలో చాలామంది ఆ మందు రాకముందు పుట్టిన వాళ్లు.

పెద్దవాళ్ల పుండ్ల విషయంలో మాత్రం గెలుపు ఇంకా చాలా దూరంలో ఉంది. దేశం మొత్తం మీద 2015 నుంచి 2019 దాకా చేసిన జాతీయ సర్వేలో యాభై ఏళ్ల లోపు వాళ్ల గుడ్డితనానికి మొదటి కారణంగా కార్నియా మచ్చే తేలింది, 37.5 శాతం. ముసలివాళ్లకు శుక్లం ఎలాగో, పనిచేసే వయసు వాళ్లకు ఇది అలా.

ఎల్వీ ప్రసాద్ సంస్థలో ఉషా గోపీనాథన్, సావిత్రి శర్మ, ప్రశాంత్ గర్గ్ వంటి వాళ్లు కలిసి పదేళ్ల పాటు వచ్చిన బూజు పుండ్ల లెక్కను 2002లో అచ్చువేశారు. బూజు పుండు అంటే ఫంగస్ వల్ల వచ్చేది. పదమూడు వందల పైచిలుకు రోగులు. వాళ్లలో 64 శాతం పదహారుకూ నలభై తొమ్మిదికీ మధ్య వయసు వాళ్లు. సగానికి పైగా, 54 శాతం మందికి, ముందు కంటికి దెబ్బ తగిలింది. వానాకాలంలో, చలికాలంలో కేసులు ఎక్కువ. ఆ నెలల్లో మన ఊళ్లలో ఏం పని నడుస్తుందో నేను మీకు చెప్పక్కర్లేదు: నాట్లు, కలుపు, పత్తి ఏరుడు, వరి కోతలు, ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రాల్లో తూర్పార పట్టడం. వరి ఆకు కొస, కంకి ముల్లు, పత్తికాయ డొప్ప, మొక్కజొన్న ఆకు అంచు, జాలీ మిషను ఎగజిమ్మే పొట్టు. వీటన్నిటి మీదా బూజు ఉంటుంది. అది మట్టిలో, కుళ్లిన ఆకులో బతికే జీవి. కంటి మీద చర్మంలాంటి పై పొర గట్టిగా ఉన్నంతసేపు లోపలికి పోలేదు. గీత పడితే పోతుంది.

అలా వచ్చిన ఒక అమ్మ గురించి చెప్తాను. వడ్ల కేంద్రంలో పొట్టు ఎగిరి కంట్లో పడింది. కొంగు కొసతో తీయబోయారు, రాలేదు. పక్కింటి బాలింతతో పాలు పిండించుకున్నారు. మర్నాడు కన్ను ఎర్రబడితే మందుల షాపులో చుక్కల మందు ఇచ్చారు. నా దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదో రోజు. "సారూ, చుక్కలు ఏసినంక రెండొద్దులు మంచిగనే ఉండె, ఎరుపు పోయె. మళ్ల ఏమాయెనో, తెల్లగ పడ్డది" అంది. సీసా చూస్తే అందులో స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ ఎరుపును అణచివేస్తుంది, నొప్పిని తగ్గిస్తుంది. అదే సమయంలో క్రిమితో పోరాడే శరీర బలాన్నీ అణచివేస్తుంది. బూజుకు అది వరం. ఎరుపు పోయిన ఆ రెండు రోజుల్లోనే పుండు లోతుకు దిగింది.

ఇలాంటి కంటికి ఏం చేస్తామో దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ఈ పని పెద్ద ఊళ్లలోనే జరగాలన్న భ్రమ ఉంది. రోగి గడ్డాన్ని స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష యంత్రం గూటి మీద ఆనిస్తాం. తిమ్మిరి చుక్కలు వేస్తాం. సన్నటి సర్జికల్ బ్లేడుతో పుండు అంచునూ అడుగునూ మెల్లగా గీకుతాం. వచ్చిన రవ్వంత పదార్థాన్ని గాజు పలక మీద పూసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క వేసి, పైన పలుచటి గాజు కప్పుతాం. ఆ చుక్క కంటి కణాలను కరిగించి తేటపరుస్తుంది, బూజు గోడను కరిగించలేదు. మైక్రోస్కోపులో చూస్తే, తేటపడ్డ నేల మీద కొమ్మలు చాచిన సన్నటి దారాలు, వాటి మధ్య మధ్య అడ్డుగీతలు. అంతే, జబ్బు తెలిసిపోయింది. పావుగంట పని. ఖర్చు లెక్కలోకి రాదు. ఇందాక చెప్పిన అధ్యయనంలో ఈ ఒక్క పరీక్షే వందలో తొంభై మంది దాకా బూజును పట్టుకుంది. ఏ రకం బూజో తెలుసుకోవడానికి కల్చర్ పెట్టాలి. మన దగ్గర ఎక్కువగా ఫ్యుజేరియం, 37 శాతం. ఆ తర్వాత ఆస్పర్జిల్లస్, 31 శాతం.

ఏ మందు వేయాలన్న దానికి జవాబు మదురై అరవింద్ ఆసుపత్రి వాళ్లు అమెరికా పరిశోధకులతో కలిసి చెప్పారు. పాత మందు నాటామైసిన్, కొత్త మందు వోరికోనజోల్. కొత్తది కంటి లోతుల్లోకి బాగా ఇంకుతుంది కాబట్టి అదే మేలని చాలామంది డాక్టర్లు నమ్మారు. 323 మంది రోగులను చీటీ తీసినట్టు రెండు జట్లుగా చేసి, ఎవరికి ఏ మందు పోతోందో రోగికీ డాక్టరుకూ తెలియకుండా వేసి చూశారు. 2013లో ఫలితం వచ్చింది. పాత నాటామైసినే మేలు. ఫ్యుజేరియం పుండ్లలో తేడా మరీ స్పష్టం. కన్ను చిల్లుపడిన కేసులు కూడా ఆ జట్టులోనే తక్కువ. ఈ ట్రయల్‌కు కళ్లు అప్పజెప్పింది తమిళనాడు పల్లె జనం. వాళ్లు ఒప్పుకొని సంతకం పెట్టకపోతే, మనం ఇవాళ్టికీ ఎవరి నమ్మకం కొద్దీ వాళ్లం మందు రాస్తూ ఉండేవాళ్లం.

ఆ అమ్మకు గంట గంటకూ నాటామైసిన్ వేశాం. పుండు మానింది. మచ్చ నడిమధ్యలో మిగిలింది.

ఇప్పుడు మార్పిడి దగ్గరికి వద్దాం. 1905లో మొరావియాలోని ఓలొమొవుట్స్ పట్నంలో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు ఒక కూలీకి ప్రపంచంలో మొదటి విజయవంతమైన కార్నియా మార్పిడి చేశాడు. ఆ కూలీ రెండు కళ్లూ సున్నం పడి కాలిపోయాయి. గాయం వల్ల కన్ను తీసేయాల్సి వచ్చిన ఒక పిల్లవాడి కార్నియాను అతనికి అమర్చారు. ఒక కన్ను నిలిచింది. మన దేశంలో మొదటి నేత్రనిధి 1945లో మద్రాసులో వెలిసింది. హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో డాక్టర్ పి. శివారెడ్డి 1960లలో నేత్రనిధి తెచ్చారు. ఊరూరా కంటి శిబిరాలు పెట్టి ఆపరేషన్లు చేసిన ఆయన పేరు చెబితే ఇప్పటికీ పాత తరం చేతులు జోడిస్తుంది. ఎల్వీ ప్రసాద్ సంస్థలో రామాయమ్మ నేత్రనిధి 1989లో మొదలైంది. 2023 నాటికి ఆ ఒక్క సంస్థలోనే యాభై వేల కార్నియా మార్పిడులు పూర్తయ్యాయి.

యాభై వేలు అనగానే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కొట్టాల్సిందే. అయితే నేను ఎక్కువ గౌరవించేది ఆ సంస్థ వాళ్లు 1997లో అచ్చువేసిన ఇంకో లెక్కను. తొలినాళ్లలో చేసిన మార్పిడుల్లో పదిహేడు వందల పైచిలుకు రోగుల కార్డులు ముందేసుకొని, అతికించిన కార్నియా ఎన్నాళ్లు తేటగా నిలిచిందో చూశారు. ఏడాదికి 79.6 శాతం నిలిచాయి. రెండేళ్లకు 68.7. ఐదేళ్లకు 46.5. అంటే వంద మందికి వేస్తే ఐదేళ్ల తర్వాత సగానికన్నా తక్కువ మందిలోనే తేటగా ఉంది. కొత్తగా పేరు తెచ్చుకుంటున్న ఒక ఆసుపత్రి, విరాళాలతో నడిచే ఆసుపత్రి, ఈ అంకెను లోకం ముందు పెట్టింది. వైద్యంలో నిజాయితీ ఎలా ఉంటుందని నన్ను ఎవరైనా అడిగితే ఈ వ్యాసాన్నే చూపిస్తాను. ఆపరేషన్ చేసిన రోజున ఫొటో దిగడం అందరూ చేసే పనే. ఐదేళ్ల తర్వాత రోగిని పిలిచి కన్ను చూసి, పోతే పోయిందని రాసుకోవడానికే గుండె కావాలి.

ఆ వ్యాసంలోనే ఇంకో తేడా ఉంది. కార్నియా శంఖంలా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ అనే జబ్బు ఉంది, ఎక్కువగా కుర్రవాళ్లకు వస్తుంది. వాళ్లకు వేసినవి ఐదేళ్లకు 95 శాతం నిలిచాయి. ఒకసారి వేసి చెడిపోతే రెండోసారి వేసినవి 21 శాతమే నిలిచాయి. చేసింది అదే ఆసుపత్రి, అదే సర్జన్లు. ఫలితాన్ని తేల్చింది కంటిలో ముందున్న జబ్బు. పుండు మాని, మచ్చలోకి రక్తనాళాలు పాకిన కంటికి, కొత్త కార్నియాను శరీరం పరాయిదిగా గుర్తుపట్టి తోసేసే ప్రమాదం ఎక్కువ. మన పల్లెల్లో పోయే కళ్లు చాలావరకు ఈ కోవలోవే. అందుకే చెప్తున్నాను, పువ్వు పడనివ్వకుండా ఆపిన కన్ను, పువ్వు పడ్డాక దానంతో తెచ్చుకున్న కన్ను ఎన్నటికీ సమానం కావు.

మార్పిడి చేయించుకున్న వాళ్లు ఈ సభలో ఉంటే వాళ్లకో మాట. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు గుచ్చుకున్నా, చూపు మసకబారినా, మర్నాటి దాకా ఆగకండి. తోసేయడం మొదలైన తొలి రోజుల్లో వస్తే చాలా కళ్లను మందుతో నిలబెట్టవచ్చు. "బస్సు కిరాయికి లేక రాలేదు సారూ" అన్న మాట నేను ఎన్నోసార్లు విన్నాను. దాతల పేరున ఊళ్లలో ఏదైనా నిధి పెట్టాలనుకునే వాళ్లు విగ్రహాలకు పెట్టవద్దు. ఈ కిరాయికి పెట్టండి.

ఇందాక సున్నం ప్రసక్తి వచ్చింది కాబట్టి దాని దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. జిర్మ్ కాలం పోయి నూరేళ్లు దాటినా సున్నం కళ్లను కాలుస్తూనే ఉంది. గోడలకు సున్నం వేసేటప్పుడు, తమలపాకు సున్నం ప్యాకెట్‌ను పిల్లలు నొక్కి ఆడుకునేటప్పుడు చివ్వున ఎగిరి కంట్లో పడుతుంది. నల్లగుడ్డుకూ తెల్లగుడ్డుకూ మధ్య అంచులో కార్నియా పై పొరను ఎప్పటికప్పుడు పుట్టించే మూలకణాలు ఉంటాయి. సున్నం వాటిని చంపేస్తుంది. అవి లేని కంట్లో దాత కార్నియా వేసినా నిలవదు. ఎల్వీ ప్రసాద్ సంస్థలో వీరేందర్ సంగ్వాన్, సయన్ బసు తదితరులు దీనికి 2012లో ఒక మార్గం చెప్పారు. బాగున్న రెండో కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసుకొని, దాన్ని ఎనిమిది పది తునకలు చేసి, కాలిన కంటి మీద కాన్పు తర్వాత దాచిన ఉమ్మనీటి పొర పరిచి, దానిపై ఈ తునకలను జిగురుతో అతికిస్తారు. అవి అక్కడ పాకి కొత్త పొర వేస్తాయి. అంతకు ముందు ఇదే పనికి కణాలను కోట్ల ఖర్చుతో కట్టిన ల్యాబులో పెంచాల్సి వచ్చేది. ఇప్పుడు మామూలు ఆపరేషన్ గది చాలు. 2016లో 125 మంది ఫలితాలు ప్రచురించారు, 76 శాతం మందిలో పొర నిలిచింది. చాలా దేశాల సర్జన్లు ఇవాళ ఈ పద్ధతి వాడుతున్నారు. అయినా దీనికంటే గొప్ప వైద్యం బిందెడు నీళ్లు. సున్నం పడిన క్షణమే, ఎవరినీ అడగకుండా, అరగంట సేపు కన్ను తెరిచి ధారగా నీళ్లు పోయండి. ఆ తర్వాతే ఆసుపత్రి.

మొదట్లో గుర్తుపెట్టుకోమన్న లోపలి వరస కణాల సంగతి ఇప్పుడు చెప్తాను. శుక్లం ఆపరేషన్‌లో చెయ్యి మోటుగా పడితే ఆ కణాలు రాలిపోతాయి. నీరు తోడేవాళ్లు లేక కార్నియా ఉబ్బి తెల్లబడుతుంది. శుక్లం తీయించుకొని కార్నియా పోగొట్టుకున్న వాళ్లు ప్రతి మార్పిడి జాబితాలోనూ ఉంటారు. ఒక జబ్బుకు చేసిన వైద్యం ఇంకో జబ్బు తేకూడదు కదా. అందుకని శిబిరంలో ఎన్ని ఆపరేషన్లు చేశారని అడగడం మానండి. ఆరు వారాల తర్వాత ఎంతమంది చదవగలుగుతున్నారని అడగండి. సర్పంచులు, దాతలు అడిగితే ఆసుపత్రులు లెక్క రాస్తాయి. ఉబ్బిన కళ్లకు ఇప్పుడు కార్నియా మొత్తం మార్చడం లేదు, లోపలి పలుచటి పొరను మాత్రమే మార్చి, గాలి బుడగతో దాన్ని పైకి ఒత్తి నిలుపుతున్నారు. రోగి ఆ రాత్రి ఇంటికప్పు కేసి చూస్తూ వెల్లకిలా పడుకోవాలి. కుట్లు తక్కువ, తోసేసే ప్రమాదం తక్కువ. కార్నియాను త్రీడీ ప్రింటర్‌తో తయారుచేసే ప్రయత్నాన్ని 2022లో ఎల్వీ ప్రసాద్, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి కుందేలు కంటి దాకా తెచ్చారు. అది మనిషి దాకా రావడానికి సమయం పడుతుంది. అందాకా దాతలే దిక్కు.

ఇక, పొట్టు పడ్డ కంటికి మొదటి రోజున ఏం చేయాలన్నది. నేపాల్‌లోని భక్తపూర్‌లో మదన్ ఉపాధ్యాయ్ బృందం ఊరివాళ్లలోనే కొందరికి శిక్షణ ఇచ్చి, కంట్లో గీత పడ్డ 442 మందికి యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు మూడు రోజులు పెట్టించింది. 2001లో ఫలితం రాశారు. 96 శాతం గీతలు పుండు పడకుండా మానాయి. దెబ్బ తగిలిన 18 గంటల లోపు మందు మొదలుపెట్టిన వాళ్లలో ఒక్కరికీ పుండు పడలేదు. ఒక రోజు దాటి, రెండు రోజుల లోపు వచ్చిన వాళ్లలో నాలుగో వంతుకు పైగా పుండు పడింది. మదురై పక్క పల్లెల్లో కూడా ఇలాంటి ప్రయత్నం మంచి ఫలితమే ఇచ్చింది. అయితే ఆ తర్వాత నేపాల్‌లోనే ఊళ్లను చీటీ వేసి రెండు జట్లుగా విడదీసి, మూడేళ్లు చూసిన పెద్ద ట్రయల్‌లో, ఈ పథకం ఉన్న ఊళ్లకూ లేని ఊళ్లకూ పుండ్ల సంఖ్యలో తేడా కనబడలేదు. నాకు ఇష్టం లేని ఫలితమే అయినా మీకు చెప్పాలి. నేను దాన్ని ఇలా అర్థం చేసుకుంటున్నాను: ట్యూబు ఊళ్లో ఉండటం ఒకటి, దెబ్బ తగిలిన మనిషి ఆ పూటే దాన్ని వెతుక్కుంటూ రావడం ఇంకొకటి. రెండోది జరగకపోతే మొదటిది దండగ. 2018 ఆగస్టు 15న మొదలైన ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగు మన ఊరూరికీ అద్దాలు తెచ్చింది, మేలు చేసింది. కానీ కార్నియా పుండు శిబిరం తేదీ దాకా ఆగేది కాదు.

దానం గురించి కూడా అపోహలు పోవాలి. చనిపోయిన ఆరు గంటల లోపు కార్నియా తీయాలి. బృందం వచ్చేదాకా రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపి, తల కింద దిండు పెడితే చాలు. షుగరున్న వాళ్లు, కళ్లజోడు వాళ్లు, శుక్లం ఆపరేషన్ అయిన వాళ్లు అందరూ ఇవ్వవచ్చు. హెచ్ఐవీ, కామెర్ల వైరస్, రేబిస్, రక్తం విషమించిన జబ్బులతో పోయిన వాళ్లవి మాత్రం తీసుకోరు. ఇరవై నిమిషాల పని, ముఖం మారదు. తీసిన ప్రతి కార్నియా మార్పిడికి పనికిరాదు, కొన్ని చదువుకూ పరిశోధనకూ పోతాయి. ఆ సంగతి కూడా ఇళ్లవాళ్లకు ముందే చెప్పాలి, వాళ్ల నమ్మకం మీదే ఇదంతా నిలిచింది. హన్మకొండ జిల్లా ముచ్చర్లలో ఐదొందల మంది దాకా ఒప్పుకొని కాగితం రాసిచ్చారు, పదేళ్ల కాలంలో డెబ్బై మంది దాకా నిజంగానే ఇచ్చారు. మన పక్క జిల్లానే. వాళ్లు చేయగలిగింది మనం చేయలేమా?

దేవరుప్పుల మండలాన్ని నేను అడిగేది ఇంకొకటి కూడా ఉంది. ఈ వానాకాలం కోతల నుంచి ప్రతి ఊళ్లో ఆశా అక్క దగ్గర ఒక రిజిస్టరు పెట్టండి. ఎవరి కంట్లో ఏం పడింది, ఏ గంటకు పడింది, మొదట ఏం వేశారు, ఎన్ని గంటలకు మందు మొదలైంది, వారం తర్వాత కన్ను ఎలా ఉంది, అంతే రాయండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు సలహాతో స్టెరాయిడ్ లేని ఆయింట్‌మెంట్ దగ్గర ఉంచండి. తెల్ల చుక్క కనబడితే ఆ రోజే జనగామకో వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రికో పంపండి. వడ్ల కేంద్రంలో మిషను దగ్గర నిలబడేవాళ్లకు కళ్లద్దాలు కొనివ్వండి. రెండు పంటల లెక్క చేతికొస్తే, నేపాల్ ట్రయల్‌లో ఎందుకు తేడా రాలేదో, మన దగ్గర వస్తుందో రాదో మనమే తేల్చుకోవచ్చు. మందుల షాపుల సోదరులకు నా విన్నపం ఒక్కటే: ఎర్ర కన్నుతో వచ్చిన మనిషికి స్టెరాయిడ్ చుక్కలు ఇవ్వకండి, డాక్టరు దగ్గరికి పంపండి.

కోతలు దసరా దాటగానే మొదలవుతాయి. ఆలోపు ఆశా కార్యకర్తలను, పంచాయతీ కార్యదర్శులను ఒక పూట కూర్చోబెట్టండి. రిజిస్టరు ఎలా రాయాలో చెప్పడానికి నేనే వస్తాను. పుస్తకాలు, మొదటి విడత ఆయింట్‌మెంట్ ట్యూబులు నేను తెస్తాను.